మొదటి పేజీకెక్కిన పులిహోర

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ నుంచి చైతన్యపురి వైపు నడుస్తుంటే, ఒక పాత పుస్తకాల దుకాణం మీది అంతస్తులో ఇరుకు గది ఒకటి ఉంది. ఆ గదిలో కూర్చుని సంధ్యారాణి పొద్దస్తమానం పోట్లాడేది. ఎవరితో అంటే తనతోనే. వెబ్‌సైట్లో ఏదో వార్త కింద ‘కారం దోశ’ అనే మనిషి ‘రాజన్న బిడ్డ’ అనే మనిషిని తిడుతుంటాడు. ఇద్దరినీ విడదీయడానికి ‘న్యాయం కావాలి’ అనే మూడో మనిషి వచ్చి ఇద్దరి చేతా వాయింపులు తింటాడు. ఆ ముగ్గురూ ఒకే కుర్చీలో కూర్చుని ఒకే మిరపకాయ బజ్జీ నములుతున్నారని చదివేవాళ్ళకు తెలియదు. తెలిస్తే మాత్రం చదవడం మానేస్తారా? వీధిలో కొట్లాట అయితే అన్నం ముందు నుంచి లేచి చూసే జాతి మనది.

సంధ్యారాణి ఈ విద్య నేర్చుకోవడానికి పట్నం రాలేదు. ఆమెది నల్లగొండ అవతల ఒక పల్లె. తండ్రి సీతారాములు లారీ తోలేవాడు. బిడ్డ గ్రూప్స్ పాసై జీపులో ఊళ్ళో దిగుతుందని ఆయన దారిలో ఉన్న ప్రతి ధాబాలోనూ చెప్పుకుని తిరిగాడు. బిడ్డ కూడా నమ్మింది. కోచింగ్‌లో చేరి, కొత్తపేట సందులో అండాలమ్మ నడిపే లేడీస్ హాస్టల్లో పెట్టె దించింది. నోటిఫికేషన్ పడటం, వాయిదా పడటం, కోర్టుకెక్కడం, దిగడం, ఈ వరసలో నాలుగేళ్ళు గడిచాయి. జీపు రాలేదు.

అండాలమ్మది కూడా అటువైపు పల్లే. భర్త పోయాక పట్నం వచ్చి, మూడంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని ఆడపిల్లలకు వండిపెట్టడం మొదలుపెట్టింది. మిగతా పిల్లలంతా ఆమెను ఆంటీ అనేవాళ్ళు. పక్క మండలం మనిషని సంధ్యారాణి ఒక్కతే ‘పెద్దమ్మా’ అనేది. ఆ హాస్టల్లో పొద్దున పూట పులిహోరకు పేరు. రాత్రి మిగిలిన అన్నం మీద చింతపండు పులుసు, పల్లీలు, ఇంగువ పోపు వేసి కలిపేది. పరీక్ష రోజు అండాలమ్మ పులిహోర తిని పోతే నౌకరీ ఖాయమని పిల్లల్లో ఒక నమ్మకం పుట్టి, అక్క నుంచి చెల్లెలికి అందుతూ వచ్చింది. నిజంగానే ఆ పులిహోర తిన్నవాళ్ళు కానిస్టేబుళ్ళయ్యారు, టీచర్లయ్యారు, నర్సులయ్యారు. సంధ్యారాణి అందరికంటే ఎక్కువ తింది, ఏమీ కాలేదు.

ఆఖరి ఏడు ఇంటి నుంచి పైసలు ఆగిపోయాయి. అండాలమ్మ అడగలేదు. కంచంలో కూర తగ్గించలేదు. అడిగి, నాలుగు మాటలని, పెట్టె బయట పెట్టి ఉంటే సంధ్యారాణి ఆమెను ఎప్పుడో క్షమించి ఉండేది. అడక్కపోవడమే గుచ్చుకుంది. మనుషుల్లో ఇదొక రోగం. అన్నం పెట్టినవాళ్ళను చూసినప్పుడల్లా తమ ఆకలి గుర్తొచ్చి, ఆ కోపం వాళ్ళ మీదే తీర్చుకుంటారు.

ఆ రోజుల్లోనే ఆమె ‘తూర్పు నగరం’ అనే వెబ్‌సైట్లో ఉద్యోగ ప్రకటనల కింద జనం అడిగే సందేహాలకు ఊరికే జవాబులు రాస్తుండేది. ఫోటో సైజు ఎంతుండాలి, కుల ధ్రువపత్రం పాతది చెల్లుతుందా, ఇట్లాంటివి. సైటు యజమాని రాఘవేంద్ర తెనాలి వైపు మనిషి. ఆయన ఒకటి గమనించాడు. ఈ అమ్మాయి జవాబులు రాసిన పేజీలన్నీ గూగుల్లో పైకి వస్తున్నాయి. కబురు పెట్టి పిలిపించాడు.

“చూడమ్మా, వార్త మనం ఒక్కసారే రాస్తాం. కింద జనం రోజూ రాస్తుంటే ఆ పేజీకి చావుండదు” అన్నాడు. “రేపు ఎవడో ఏ మాట కొట్టి వెతుకుతాడో, ఆ మాట ముందే జనం తెచ్చి అక్కడ పోస్తారు. వచ్చినవాడు చదువుతూ కూర్చుంటాడు, మళ్ళీ వస్తాడు, పక్కింటివాడికి పంపుతాడు. గూగుల్ వాడి లెక్క లోపల ఏముందో ఆ దేవుడికే తెలియాలి. కానీ జనం కూర్చున్న పేజీ పైకి పోవడం మాత్రం నేను కళ్ళారా చూశాను.”

అలా ఆమెకు కొలువు దొరికింది. ఊళ్ళో మాత్రం సాఫ్ట్‌వేర్ అని చెప్పింది. అండాలమ్మకూ అదే చెప్పి, హాస్టల్ ఖాళీ చేసి, మీర్‌పేట్‌లో ఒక గది తీసుకుంది. మొదట్లో సందేహాలు తీర్చే పనే చేసింది. రాఘవేంద్రకు అది చాలలేదు. “సాయం దొరికినవాడు పోతాడు, తిట్లు తిన్నవాడు తిరిగొస్తాడు” అని ఆయన సిద్ధాంతం. సంధ్యారాణి ఆ సిద్ధాంతాన్ని గురువును మించి ఒంటబట్టించుకుంది. ఆంధ్రా వంటకూ తెలంగాణ వంటకూ, ఈ కోచింగ్‌కూ ఆ కోచింగ్‌కూ, అద్దెకున్నవాళ్ళకూ ఇంటి ఓనర్లకూ ఆమె పెట్టిన తగవులు ఇప్పటికీ తెగలేదు. ఎవరికి ఎక్కడ గిల్లితే ఎంత దూరం ఎగురుతారో ఆమెకు బాగా తెలుసు. నాలుగేళ్ళు చదివిన ఇండియన్ పాలిటీ ఇవ్వని గౌరవం ఈ పని ఇచ్చింది. ఆ సంగతి ఆమె ఒప్పుకోకపోయినా నిజం.

ఈసారి నోటిఫికేషన్ పడి, జిల్లాల నుంచి ఆడపిల్లలు బకెట్లూ పరుపులూ మోసుకుని మళ్ళీ దిగడం మొదలైంది. రాఘవేంద్ర ఆమెను పిలిచాడు. “దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్ అని ఎవరు వెతికినా మొదట మన పేజీయే రావాలి. వచ్చిందంటే ప్రతి హాస్టల్ వాడూ ప్రకటన కోసం మన గుమ్మంలో నిలబడతాడు. ఎల్బీనగర్‌లో రెండో ఆఫీసు తెరుస్తున్నా కదా, అది నువ్వే చూసుకో. అద్దాల గది, తలుపు మీద నీ పేరు.”

తలుపు మీద పేరు. ఆ ఒక్క మాటకు సంధ్యారాణి పడిపోయింది. ఆ చుట్టుపక్కల హాస్టళ్ళన్నిటి గురించి చక్కగా, పద్ధతిగా ఒక వ్యాసం రాసింది. అన్నీ మంచి మాటలే. ఒక్క పురుగు కూడా వాలలేదు. పేజీ గూగుల్లో ఎక్కడో అడుగున పడి ఉంది.

“ఒకదాని మీద రాయి వెయ్యమ్మా” అన్నాడు రాఘవేంద్ర. “అన్నీ మంచివే అంటే ఎవడు చదువుతాడు?”

రాయి వేయాలంటే లోపలి సంగతి తెలియాలి. సంధ్యారాణికి లోపలి నుంచి తెలిసిన హాస్టల్ ఒక్కటే. ‘విసిగిన విద్యార్థిని’ అని పేరు పెట్టుకుని, అండాలమ్మ హాస్టల్ పేరుతో సహా రాసింది: “అక్కడ పొద్దున పెట్టే పులిహోర, రాత్రి అందరూ తినగా మిగిలిన అన్నం.”

అబద్ధం ఒక్క ముక్క లేదు. పులిహోర ఎవరింట్లోనైనా అట్లాగే పుడుతుంది. రాత్రి అన్నాన్ని పొద్దున పారబోసే ఇల్లు తెలుగునాట ఎక్కడుంది? కానీ ‘తినగా మిగిలిన’ అన్న మాట ఎంగిలి కంచాల వాసన తెచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళు ఉంటారు. ఈమె లెక్కపెట్టి ఊరందరికీ చూపించింది.

తర్వాత ఆమె పెద్దగా కష్టపడే పని లేకపోయింది. ఒకడు బల్లి అన్నాడు. ఇంకొకడు బల్లి కాదు బొద్దింక, మా చెల్లెలు కళ్ళారా చూసిందన్నాడు. ఆ చెల్లెలు ఎక్కడుందో, అసలు ఉందో లేదో ఎవడూ అడగలేదు. మూడో రోజుకు మాట అన్నం మీద నుంచి ఆడపిల్లల మీదికి పాకింది. ఆ గేటు దగ్గర ఎప్పుడూ బైకులు ఉంటాయని ఒకడు, ఎందుకు ఉంటాయో మాకు తెలుసని ఒకడు, రేటెంతని ఒకడు. ఇవేవీ సంధ్యారాణి రాయలేదు. తీసేసే మీట ఆమె చేతి కిందే ఉంది, తీసేయనూ లేదు. పేజీ మెట్టు మెట్టూ ఎక్కి మూడో చోటికి వచ్చింది. రాఘవేంద్ర ఇరానీ చాయ్ తెప్పించి, తన చేత్తో ఆమె ముందు పెట్టాడు.

ఒక ఆదివారం అండాలమ్మ మీర్‌పేట్ గదికి వచ్చింది. చేతిలో గోంగూర తొక్కు సీసా. మంచం మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది. నెలలో పదేళ్ళ వయసు మీద పడినట్టుంది.

“తిన్నవా బిడ్డా?” అని అడిగింది ముందు. ఎంత కష్టంలో ఉన్నా ఆమె నోటి నుంచి ముందు ఆ మాటే వస్తుంది.

“తిన్న పెద్దమ్మా. ఏంది, గట్లున్నవ్?”

“ఏం చెప్పాలె బిడ్డా. ఎవరో ఏందో రాసిన్రంట ఫోన్ల. పిల్లలు ఒక్కరొక్కరు పోతున్నరు. కొత్తోళ్ళు గేటు దాకా ఒస్తున్నరు, ఫోన్ల ఏదో సూస్తున్నరు, మర్లిపోతున్నరు. నాకు సదువు అంతంత మాత్రమే. నువ్వు కంప్యూటర్ల ఉన్నవ్. ఏం జెయ్యాల్నో జర చెప్పు. మా యాదగిరి నర్సన్న సాక్షిగ, నేను ఎంగిలి మెతుకు ఎవ్వరికి పెట్టలే.”

చెప్పాల్సిన మాట సంధ్యారాణికి తెలుసు. ఆమెకు తెలిసినంతగా పట్నంలో ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుని ఉండు పెద్దమ్మా, ఎవరినీ రాయనివ్వకు, వారం పది రోజులు ఎవడూ పలకకపోతే వాళ్ళే ఇంకో తగువు వెతుక్కుని పోతారు, పేజీ దానంతటదే అడుక్కి పోతుంది. అంతే చెప్పాలి. లేదా రేపు ఆఫీసుకు పోయి మీట నొక్కాలి. ఎల్బీనగర్ తలుపు కళ్ళ ముందు కదిలింది. మూడో చోటు నుంచి మొదటి చోటుకు ఇంకెంత దూరం?

“ఊకుంటే నిజమే అనుకుంటరు పెద్దమ్మా” అంది. “జవాబియ్యాలె. నీ దగ్గర ఉండి సదువుకొని పోయిన పిల్లలు ఎంతమంది లేరు! అందరితోని రాయించు. హాస్టల్ పేరు, నీ పేరు పెట్టి మంచిగ రాయమను.”

అండాలమ్మ మొహంలోకి ప్రాణం వచ్చింది. ఆమె పుట్టిన ఊళ్ళో పంచాయితీ అంటే అంతే. నిజం ఎటున్నా, గద్దె ముందు ఎవరి తరఫు మనుషులు ఎక్కువ కూర్చుంటే వాళ్ళ మాట నిలిచేది. మనవాళ్ళను పిలుచుకోవడం చేతకానివాడే ఓడిపోతాడు. “గంతేనా బిడ్డా! నా తరఫున మాట్లాడేటోళ్ళకేం తక్కువ?” అంటూ లేచింది. సీసా సంధ్యారాణి చేతిలో పెట్టి, తల నిమిరి వెళ్ళింది.

పెళ్ళికి పిలిచినట్టు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. మహబూబ్‌నగర్‌లో కానిస్టేబులు, సూర్యాపేటలో టీచరు, పెద్ద అంబర్‌పేట్ దవాఖానాలో నర్సు, అందరూ కదిలారు. ఆంటీ పిలిస్తే రాకుండా ఉంటారా? అసలు పేర్లతో, ఫోటోలతో, ఊళ్ళ పేర్లతో వచ్చి పేజీ నిండా కూర్చున్నారు. అండాలమ్మ హాస్టల్ మాకు పుట్టిల్లు అని ఒకరు, ఆ పులిహోరే నాకు ఉద్యోగం పెట్టిందని ఒకరు. మృదుల అనే టీచరైతే తనకు జ్వరమొస్తే అండాలమ్మ కాళ్ళు పిసికిన సంగతి ఎంత బాగా రాసిందంటే, సంధ్యారాణి దాన్ని రెండుసార్లు చదువుకుంది. చదివి, ఆ టీచరు మాటల కింద రాసింది: “మేడమ్‌కు కమీషన్ బాగానే ముట్టినట్టుంది.”

దాంతో తేనెతుట్టె కదిలింది. మంచి చెప్పడానికి వచ్చిన ప్రతి ఆడపిల్లకూ పదిమంది తగులుకున్నారు. వాళ్ళ ఫోటోలు పట్టుకుని, వాళ్ళ మొగుళ్ళను అడిగారు, నీకు తెలిసే చేసుకున్నావా అని. పిల్లలు ఏడ్చారు, తిరిగి తిట్టారు, మొగుళ్ళను తీసుకొచ్చి తిట్టించారు. వచ్చినవాళ్ళు పోలేదు, పోయినవాళ్ళు మళ్ళీ వచ్చారు. ప్రతి మంచి మాటలోనూ అండాలమ్మ పేరుంది, హాస్టల్ పేరుంది, కొత్తపేట ఉంది, దిల్‌సుఖ్‌నగర్ ఉంది. ఇక ఎవరు ఏ మాట కొట్టి వెతికినా అన్నిటికంటే ముందు ఆ పేజీయే. శత్రువులు మూడో మెట్టు దాకా ఎక్కించారు, అయినవాళ్ళు భుజాల మీద మోసి శిఖరం మీద కూర్చోబెట్టారు.

హాస్టల్లో చివరికి మిగిలింది సంతోషి అనే పిల్ల ఒక్కతే. మొండిగా ఉండిపోయింది. ఆమెను తీసుకుపోవడానికి తండ్రి నకిరేకల్ నుంచి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. మంచివాడే. అండాలమ్మ మొహం చూడలేక నేల చూస్తూ మాట్లాడాడు.

“నిన్ను చెడ్డదని ఎవడో ఒకడు రాస్తే నేను నమ్మకపోదును అక్కా. నువ్వు మంచిదానివని గింత మంది రాసిన్రు జూడు, గదే నాకు భయమైతున్నది. ఏం లేకపోతే గింత మంది ఎందుకు చెప్పవట్టిరి?”

సంతోషి పరుపు అండాలమ్మే చుట్టి, తాడు కట్టి, ఆటోలో పెట్టింది. దారిలో తినమని పులిహోర పొట్లం కట్టి ఇస్తే, తండ్రి మొహమాటంగా తీసుకున్నాడు. ఆటో సందు మలుపు తిరిగాక ఆ పొట్లం ఏమైందో ఆమె చూడలేదు, చూడకపోవడమే మంచిదైంది.

ఎల్బీనగర్ ఆఫీసు తెరిచారు. అద్దాల తలుపు మీద ‘సంధ్యారాణి’ అని బంగారు అక్షరాలు అంటించారు. సీతారాములు లారీ పక్కన ఆపి, లుంగీ సర్దుకుని, లోపలికి రావడానికి జంకి, బయటి నుంచే ఆ పేరును ఫోన్లో ఫోటో తీసుకుని పోయాడు. ఆ రోజే అండాలమ్మ ఫోన్ చేసింది. వంట సామానంతా పాత ఇనుప దుకాణంవాడు తీసుకుపోయాడట. ఊరికి పోతోందట.

“మస్తు మంది రాసిన్రు బిడ్డా. నువ్వు జెప్పిన దారి మంచిదే, నా తలరాతే మంచిగ లేకపాయె. కానీ నీ పేరు కానొస్తలేదేంది గండ్ల? పిల్లలతోని సదివిచ్చుకొని రోజు ఎదురుసూశిన. సంధ్య రాసిందా, సంధ్య రాసిందా అని. పని ఎక్కువుంటదిలే నీకు.”

“రాస్తా పెద్దమ్మా” అంది సంధ్యారాణి.

“ఇప్పుడేం లాభం లేదులే. ఊర్ల సూసుకునేటందుకు ఉంటది. ఒక్క ముక్క రాయి, నీ పేరు మీద.”

సంధ్యారాణి తలుపు వేసుకుని, కొలువులో చేరాక మొదటిసారి తన సొంత పేరుతో రాసింది. అండాలమ్మ దగ్గర నాలుగేళ్ళు తిన్నానని, చివరి ఏడు ఒక్క పైసా ఇవ్వకపోయినా కంచం నింపిందని, ఎంగిలి మెతుకు ఎన్నడూ చూడలేదని, తన తల్లి తర్వాత తల్లి అనీ. ప్రతి మాటా నిజం. రాసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కాసేపటికి రాఘవేంద్ర నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు. “అబ్బ, ఏం రాశావమ్మా! అసలు పేరు పెట్టడం మంచి ఎత్తు. కన్నీళ్ళొస్తున్నాయి. రెండు మూడు రోజులుగా పేజీ చల్లబడుతోంది, సరైన టైముకు రాశావు. దీని కింద ఒకటి గట్టిది పడాలి, వెంటనే.”

ఆమె కాదనవచ్చు. తలుపు మీద పేరుంది, ఆ తలుపు తీసుకుని బయటికి పోవచ్చు. పోలేదు. కొత్త పేరు ఒకటి పెట్టుకుని, తన మాటల కింద తనే రాసింది: “నాలుగేండ్లు పుక్కట తిన్నదానివి, ఆమె బతుకు ఆగమయ్యేదాకా ఏడ పన్నవ్?”

అంత నిజమైన మాట ఆమె ఎన్నడూ రాయలేదు. లైకులు కురిశాయి. జనం సంధ్యారాణి అనే విశ్వాసం లేని ఆడదాని మీద విరుచుకుపడ్డారు. సాయంత్రానికి ఆ గుంపులోకి ఒక కొత్త పేరు వచ్చింది. ఫోటో లేదు. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, ఎవరో పక్కన కూర్చుని నేర్పితే ఒక్కొక్కటే వెతికి నొక్కినట్టు.

“నేను అండాలమ్మను. నన్ను ఏమన్న అనుకోండ్రి. సంద్యను ఏం అనకుండ్రి. ఆ పిల్ల నా బిడ్డ. మంచిది.”

రాఘవేంద్ర పరుగెత్తుకొచ్చాడు. “చూశావా, స్వయంగా ఆవిడే వచ్చింది! ఇన్నాళ్ళూ రాలేదు. వదలకు.”

సంధ్యారాణి ఏడ్చింది. కళ్ళు తుడుచుకుంది, అక్షరాలు కనపడక మళ్ళీ తుడుచుకుంది. తర్వాత ఇందాకటి దొంగ పేరుతోనే అండాలమ్మకు జవాబు రాసింది. మొదటి పేజీలో అది ఇప్పటికీ ఉంది.